హాజరు పుస్తకము

మీ సంఘములో హాజరు పుస్తకమున్నదా? ఉండుట మంచిదే. కాపరి తన గొఱ్ఱెలను లెక్కించుకొనవలెను గదా. అయితే ఆ లెక్క తప్పిపోయినదానిని వెదకుటకా, లేక దాని పేరు కొట్టివేయుటకా? ఈ సంగతి మీతో కొంచెము ఆలోచింపగోరుచున్నాను.

మన వీపనగండ్ల తట్టు బ్రదుకు మీకు తెలియనిది కాదు. కృష్ణ దగ్గరనే పారుచున్నను మన మెట్టచేలు చాలకాలము వానకే ఎదురుచూచినవి. గుంపుమేస్త్రి యొద్ద ముందుగా సొమ్ము తీసికొని, ముసలివారిని ఇంట విడిచి, హైదరాబాదుకో బొంబాయికో పోవుట తరతరములుగా జరిగినది. కాలువనీళ్ళు వచ్చిన ఊళ్ళలో వలస తగ్గినది గాని ఆగిపోలేదు.

ఈ చుట్టుపట్ల ఒక సంఘములో పెద్దలు ఒక తీర్మానము తెచ్చిరి. వరుసగా మూడు నెలలు ఆరాధనకు రానివారి పేరు పట్టీనుండి తీసివేయవలెనట. పేరు పోయినచో ప్రభువు బల్ల లేదు, బిడ్డ పెండ్లి గుడిలో జరుగదు, చచ్చిన తరువాత సమాధుల దొడ్డిలో చోటు కూడ అనుమానమే. ఇది చిన్న మాట కాదు. తీర్మానము తెచ్చిన పెద్ద కఠినుడు కాడు. ప్రతి శనివారము గుడి ఊడ్చి, చాపలు పరచువాడు ఆయనే. ఊళ్ళోనే యుండి ఆదివారము గడప దాటనివారిని చూచి ఆయన మనస్సు విసిగినది. ఆ బాధ నిజమైనది.

అప్పుడు వెనుక కూర్చున్న ఒక విధవరాలు లేచెను. “అయ్యా, నా కొడుకు బొంబాయిల ఇటుకలు మోస్తుండు. మేస్త్రి ఐతారం గూడ ఇడిసిపెట్టడు. పొద్దుగూకినంక ఫోను జేసి, ‘అమ్మా, ఇయ్యాల అయ్యగారు ఏ వాక్యం జెప్పిండు?’ అని అడుగుతడు. ఆని పేరు గొట్టేస్తే నేను ఏం జెప్పాలె?”

ఎవరును పలుకలేదు. నేను వారికి ఒంగోలు సంగతి జ్ఞాపకము చేసితిని. 1867 జనవరి 1న క్లౌ దొరగారు ఎనిమిదిమందితో అక్కడ సంఘము నేర్పరచిరి. యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ సోదరుల వలన సువార్త పల్లెలకు ప్రాకెను. ఆ క్రొత్తవారికి పెట్టిన కట్టడలు మూడే: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. మొదటిదానికే ఊళ్ళు మండిపడినవి. ఏడు దినములును ఊరికి కట్టుబడినవాడు ‘ఈ ఒక్క దినము నా దేవునిది’ అనుటయా? వారిని వెలివేసిరి, హింసించిరి. ఆదివారపు కట్టడ ఆ కూలివానికి సంకెల కాదు, తన బ్రదుకులో ఎన్నడు నెరుగని సెలవు. ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయము చదివి చూడుడి. దాసుడును దాసియు యజమానునివలె విశ్రమించుటకే ఆ దినము ఏర్పడినదని, ఐగుప్తు వెట్టిని మరువవద్దని మోషే చెప్పుచున్నాడు.

ఆనాడు కూలివానిని విడిపించిన ఆదివారముతోనే నేడు కూలివాని పేరు కొట్టివేయుదుమా? ఆనాడు ఊరి పెద్దలు చేసినది నేడు మేస్త్రి ఇచ్చిన సొమ్ము చేయుచున్నది.

మరియు 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారిచేత త్రవ్వించి కూలి యిచ్చిరి. ఆ కరవు పని సాగుచుండగా బాప్తిస్మము కోరినవారిని ఆగుమనిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముందు అన్నము, వెనుక పట్టీ.

సంఘమునకు క్రమము అక్కరలేదని నేననను. భార్యను కొట్టి బల్లయొద్దకు వచ్చువానిని ఆపవలసినదే. అక్కడ కట్టడ దెబ్బలు తిన్న ఆమె ప్రక్కన నిలుచుచున్నది. కట్టడ ఎవరి ప్రక్కన నిలుచుచున్నదో చూచినయెడల అది ప్రేమలో పుట్టినదో కాదో తెలియును. ప్రభువు విశ్రాంతిదినమును గూర్చి పరిసయ్యులకు చెప్పిన జవాబు ఇదే గదా.

“అయితే ఊళ్ళో ఉండి రానివారి మాటేమిటి అయ్యగారూ?” అని ఆ పెద్ద అడిగెను. న్యాయమైన ప్రశ్నే. “వారి ఇంటికి పోవుదము” అంటిని. పేరు కొట్టివేయుట కలమునకు ఒక నిమిషము పని, ఇంటికి పోవుట మనకు ఒక సాయంకాలము పని. అనేక కట్టడలు మన కాళ్ళకు శ్రమ తప్పించుటకే పుట్టుచున్నవేమో!

ఆ తీర్మానము ఇంకను పుస్తకమెక్కలేదు, రద్దును కాలేదు. క్రిస్మసుకు వలసవారు ఊరు చేరిన తరువాత వారి యెదుటనే దానిని చదువుటకు పెద్దలు ఒప్పుకొనిరి. అంతవరకు ప్రతి ఆదివారము, రానివారి పేరును వారు పని చేయుచున్న ఊరి పేరును చదివి ప్రార్థించుచున్నారు. చదువువాడు ఆ పెద్దయే.