పట్టికలో లేని పని

యంత్రాలను నడిపేవారికి పట్టికలంటే మక్కువ. బాయిలరు వెలిగించే ముందు ఏ వాల్వు తెరవాలో, ఏది మూయాలో వ్రాసుకుని ఒక్కొక్కటిగా టిక్కు పెట్టడం మాకు మూడు దశాబ్దాలుగా అలవాటు. కనుక కిందటి కార్తికంలో మా అమ్మాయి తొలి కాన్పుకు వస్తున్నదని ఖాయం కాగానే మేము ముందుగా పట్టిక తయారు చేశాము. 40 అంశాలు తేలాయి. మా శ్రీమతి దానిని చూసి, "బిడ్డ పుట్టబోతున్నదా, యూనిట్ కమిషనింగ్ జరగబోతున్నదా?" అని నవ్వింది.

మా క్వార్టరు పాతది. కిటికీల రంగు పెచ్చులూడుతున్నది. ఇళ్ల రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగులకు ఆ హామీ లేదు. పొడిగా గీకితే ఆ ధూళి గదంతా పరచుకుంటుంది. అందుచేత తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించి, నెల ముందుగానే కొత్త రంగు వేయించి, వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచాము.

గది వెచ్చదనం దగ్గర వివాదం తలెత్తింది. నవజాత శిశువున్న గది 25 నుండి 28 డిగ్రీలుంటే మంచిదని వైద్యులు చెప్పారు. కాన్పు సంక్రాంతి తరువాత. 80 దాటిన మా అమ్మగారు, బాలింత గదిలో కుంపటి ఉండి తీరాలన్నారు. బిడ్డల పెంపకంలో ఆమెకు చెప్పగలిగినవారము కాము గాని, బొగ్గు మండే తీరు గురించి మాట్లాడే అర్హత మాకున్నది. మూసిన గదిలో గాలి చాలక బొగ్గు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

"నిన్ను పెంచింది కుంపటి పక్కనే కదరా?" అన్నారామె.

"ఆనాటి మన పెంకుటింటికి సందులుండేవమ్మా. ఈ గదికి లేవు."

ఆమె క్షణం ఆలోచించి, కుంపటినీ సాంబ్రాణినీ వరండాకు పంపారు. బదులుగా, వచ్చినవారెవరైనా కాళ్లూ చేతులూ కడుగుకోనిదే గడప దాటరాదన్న తమ నియమాన్ని పట్టికలో చేర్పించారు. వైద్యులు చెప్పినదీ అదే. నాన్నగారి పాత పంచెలను ఉతికి, మరిగించి, ఎండబెట్టి పొత్తిగుడ్డలు సిద్ధం చేసినదీ ఆమే. తొలి గంటలోనే ముర్రుపాలు, 24 గంటలలోపు హెపటైటిస్-బి టీకా, తేనె నాకించకపోవడం, ఆరు నెలలదాకా తల్లిపాలు మాత్రమే, దిండ్లు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టడం: ఇవన్నీ పట్టికలోనివే.

మనుమడు పుట్టాడు. మూడవనాడు ఇంటికి వచ్చాడు. 40 అంశాలకూ టిక్కు పడింది.

నాలుగవ రాత్రి అమ్మాయి ఏడుస్తున్నది. నొప్పి లేదు, జ్వరం లేదు. బిడ్డ పాలు త్రాగి నిద్రపోతున్నాడు. గది 26 డిగ్రీలున్నది. కారణమడిగితే, "తెలియదు నాన్నా" అన్నది. మేము అలవాటుగా పట్టిక తెరిచాము. శ్రీమతి దానిని మా చేతిలోనుండి తీసుకుని బల్లమీద పెట్టి, కూతురి తలను ఒడిలోకి తీసుకున్నది.

తెల్లవారుజామున వరండాలో ఆమె అన్నది: "ఇది పుట్టినప్పుడు నేనూ ఇలాగే ఏడ్చాను. మీకు తెలియదు."

నిజమే, తెలియదు. 1995లో మేము సింగ్రౌలి ప్రాంతంలో బాయిలరు కమిషనింగ్ పనిలో ఉన్నాము. తంతి అందినా కదలలేదు. మా అమ్మాయి ముఖం చూసినది 19వ రోజున. అప్పటికి శ్రీమతి కన్నీళ్లు ఆరిపోయాయి. ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

మరునాడు వైద్యురాలు వివరించారు. కాన్పైన మూడు నుండి ఐదు రోజులలో చాలామంది తల్లులకు ఇలా మనసు క్రుంగుతుందట. నిద్ర, తోడు ఉంటే రెండు వారాలలోపు దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే బలహీనత అని సరిపెట్టక వైద్యానికి తీసుకురావాలి.

ఆనాడు 41వ అంశం వ్రాశాము: రాత్రి కాపలా. షిఫ్టు డ్యూటీ మాకు కొత్త కాదు. పది నుండి రెండు వరకు మేము, రెండు నుండి ఆరు వరకు సెలవు పెట్టి వచ్చిన మా అల్లుడు. పాలకు మాత్రమే తల్లిని లేపాలి. పగలు ఆమె ప్రక్కన శ్రీమతి. పదవ రోజుకు అమ్మాయి ముఖం తేటపడింది. బిడ్డ ముక్కు ఎవరి పోలికో చెప్పమని మమ్మల్ని నిలదీసింది.

1997 నుండి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. 1995లో అది లేదు. కాని మేము సెలవు అడిగి కాదనిపించుకున్నవారమూ కాము. అసలు అడగనే లేదు. కాబోయే తండ్రులైన మన యువ సహోద్యోగులకు మా మనవి ఒక్కటే: మీకున్న సెలవును ఖాతాలో దాచుకోకండి. బాయిలరును మరొకరు వెలిగించగలరు. ఆ రాత్రులు మాత్రం తిరిగి రావు.