తెల్లపొగ

చెప్పొద్దూ, పొగ విషయంలో నాకున్న అనుభవం మా వారికి లేదు. మాడిన పోపేదో, ఇడ్లీపాత్ర ఆవిరేదో పక్కగదిలోంచే చెప్పేస్తాను. అయినా 2024 డిసెంబరులో మా పాత కారు వెనకనించి తెల్లగా వస్తోందేమిటండీ అని అడిగితే, "చలికాలం కదోయ్! నీ నోట్లోంచి రావడంలేదూ?" అని నవ్వేశారు.

అందులో కొంత నిజం లేకపోలేదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. పొద్దుటిపూట చల్లటి సైలెన్సరు గొట్టంలోంచి ఆ ఆవిరి తెల్లగా కనిపిస్తుంది. గొట్టం వేడెక్కితే మాయమవుతుంది. అయిదు పది నిమిషాల ముచ్చట. కానీ మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర మా వెనకున్న స్కూటరబ్బాయి మబ్బులో ఇరుక్కున్న దేవేంద్రుడిలా కనిపిస్తూంటే అదేం చలికాలం? పైగా ఇడ్లీ ఆవిరికి పాకం వాసన రాదు. దీనికి తియ్యగా, వెగటుగా ఓ వాసన!

మొదట చూపించిన మెకానిక్ బానెట్ ఎత్తకుండానే, "ఇంజను బోరుకొచ్చింది మేడం, దించాలి" అన్నాడు. అతను చెప్పిన అంకె అమ్మాయి కాలేజీ ఫీజుకి దాచిన డబ్బుకి సరిగ్గా సరిపోయింది. నేను చదివింది బి.ఏ.యే గానీ, పూర్వం ఓ నవలలో నాయకుణ్ణి మెకానిక్కుని చేసిన పాపానికి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. రింగులు అరిగి ఆయిల్ మండితే పొగ నీలంగా రావాలి. పెట్రోలు ఎక్కువైతే నల్లగా రావాలి. ఇది శుభ్రంగా తెల్లగా ఉంది. ఆయిల్ చూసే పుల్ల మీద గీత తగ్గలేదు. మరి తగ్గుతున్నదేమిటి?

దానికి జవాబు మా ఇంట్లోనే, చెంబు పట్టుకుని తిరుగుతోంది. రోజూ పొద్దున్నే మా వారు చెంబుడు నీళ్ళతో కారు దగ్గరికి వెడితే, అద్దాలు తుడుస్తున్నారని మురిసిపోయేదాన్ని. ఓ రోజు వెనకాలే వెళ్ళాను. నీళ్ళు పోస్తున్నది రేడియేటర్లో! కారు కింద నేల చూస్తే పొడిగా ఉంది. ఒక్క చుక్క కారలేదు.

"ఎన్నాళ్ళనించి?" అన్నాను.

"శ్రీశైలం నించి వచ్చినప్పటినించీ" అన్నారు, చెంబులోకి చూస్తూ.

కార్తీకమాసంలో వెళ్ళాం. తిరుగుప్రయాణంలో నేనూ అత్తగారూ వెనక సీట్లో నిద్రపోయాం. ఆనకట్ట దాటి ఘాట్ ఎక్కుతూంటే వేడి చూపించే ముల్లు ఎరుపులోకి పోయిందిట. రాత్రి తొమ్మిది దాటితే దోమలపెంట చెక్‌పోస్టు దగ్గర అడవిదారి మూసేస్తారని ఈయన ఆపకుండా తోలేశారు. మమ్మల్ని లేపి కంగారుపెట్టడం ఇష్టంలేక చెప్పలేదుట. తర్వాత నెల్లాళ్ళు ఎందుకు చెప్పలేదో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఈసారి ఓ ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి (వేడిమీద ఆ మూత తిప్పితే ఒళ్ళు కాలుతుంది) రేడియేటర్ మూత తీసి స్టార్టు చెయ్యమన్నాడు. పొయ్యి వెలిగించీ వెలిగించగానే ఎసరు మరిగినట్టు నీళ్ళలో ఒకటే బుడగలు!

"హెడ్ గాస్కెట్ పోయిందమ్మా" అన్నాడు. ఇంజను దిమ్మకీ పైన హెడ్డుకీ మధ్య పలచటి రేకు అది. మంటనీ, నీళ్ళనీ, ఆయిల్నీ దేని దారిన దాన్ని ఉంచుతుంది. అతివేడికి హెడ్డు వెంట్రుకవాసి వంగినా చాలు, నీళ్ళు మంటలోకి జారి తెల్లటి ఆవిరై వెనకనించి పోతాయి. ఆయిల్ మూత తీసి లోపల వేలితో రాసి చూశాడు. "నీళ్ళు ఇందులో కలిస్తే మజ్జిగలా అయ్యేదమ్మా. కలవలేదు, బతికిపోయారు!"

హెడ్డు విప్పి, ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి, చెంబునీళ్ళ బదులు కూలెంట్ పోస్తే మొదటాయన చెప్పినదాంట్లో మూడోవంతయింది. అమ్మాయి ఫీజు దక్కింది. పాత గాస్కెట్ని పారెయ్యనివ్వలేదు నేను. రెండు చిల్లుల మధ్య గోరంత మేర నల్లగా కాలిన ఆ రేకు మా వారి రాతబల్ల పక్క గోడకి వేలాడుతోంది.

మొన్న అత్తగారు, "శివరాత్రికి శ్రీశైలం వెడదామట్రా?" అన్నారు. ఆయన నా వంక చూశారు.

"వెడదాం లెండి, ముందు సీట్లో నేను కూచుంటాను" అన్నాను.