మూడో సిలిండర్ ఆకలి

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. గ్రూపులో ఐటీఐ, డిప్లొమా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు, బండికి గ్యాస్ కిట్ పెట్టించుకున్న అన్నలూ ఉన్నారు. వాళ్ల కోసమే రాస్తున్నాం.

మేం నలుగురం కలిసి ఒక పాత ఈకో కొన్నాం. మా ఊళ్లు శంఖవరం దాటి పైన కొండల్లో. ఐదో షెడ్యూల్లో లేని ఊళ్లు, ఆ గోల మీకు కొత్త కాదు. బస్సు రాదు. సంత రోజు అడ్డాకు కట్టలు, చీపుళ్లు, చింతపండు వేసుకుని దిగుతాం. మిగతా రోజుల్లో కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయేవాళ్లు, పరీక్షలకి అన్నవరం స్టేషన్లో రైలెక్కేవాళ్లు. (అన్నవరం ప్రసాదం అడ్డాకులో కడతారని అందరికీ తెలుసు. ఆ ఆకు ఎవరు ఏ కొండెక్కి కోసారో మాత్రం ఎవరూ అడగరు. సరే, అది ఇంకో పోస్టు.)

పెట్రోలు ఖర్చు తట్టుకోలేక సీఎన్‌జీ కిట్ పెట్టించాం. ఇంట్లో పెద్దవాళ్లు భయపడ్డారు. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి వాళ్లు మర్చిపోలేదు. పైపులైను వేరు, బండి సిలిండర్ వేరు, దీనికి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ ఉంటుంది, ఆర్‌సీలో కూడా ఎక్కించాలి అని చెప్పి ఒప్పించాం. అందుకే తర్వాత జరిగినదానికి ఇంట్లో మొహం చూపించలేకపోయాం.

కిట్ పెట్టించిన రెండో వారం నుంచి బండి స్లోలో నిలబడటం మానేసింది. గేరులో పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. గేటు దగ్గర ఆపితే వణుకుతుంది, నాలుగు సార్లు కొట్టుకుని ఆగిపోతుంది. ఒక రోజు తెల్లవారుజామున మా ఊరి చెల్లిని విశాఖలో పరీక్షకి రైలెక్కించాలని బయల్దేరాం. దారిలో ఐదుసార్లు ఆగింది. స్టేషన్‌కి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. హాల్ టికెట్ మడిచి బ్యాగులో పెట్టుకుని మళ్లీ బండెక్కి కూర్చుంది. తిడితే బావుండేది.

కిట్ బిగించిన షాపుకి మూడుసార్లు తిరిగాం. సబ్బు నీళ్లు కొట్టి లీకు లేదన్నాడు. లాప్‌టాప్ పెట్టి ఏదో మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. ఏం మార్చారండీ అని అడిగితే, "కంప్యూటర్ సంగతి మీకెందుకు బాబూ, మీరు కొండమీద బండి తోలుకోండి" అన్నాడు. ఆ మాటకే మాకు పట్టుదల వచ్చింది. మాలో ఒకడు ఐటీఐ చదివాడు, ఇంకొకడికి హాస్టల్ స్నేహితుడి పాత లాప్‌టాప్ దొరికింది. కిట్‌కి సరిపోయే కేబుల్ ఆన్‌లైన్‌లో తెప్పించాం.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. సీక్వెన్షియల్ కిట్ పెడితే బండిలోకి రెండో కంప్యూటర్ వస్తుంది. కంపెనీ కంప్యూటర్ పెట్రోలు ఇంజెక్టర్ ఎన్ని మిల్లీ సెకన్లు తెరవాలో ఎప్పటిలాగే లెక్క కడుతుంది. కిట్ కంప్యూటర్ ఆ లెక్కని మధ్యలో పట్టుకుని, దాన్ని ఒక గుణకంతో పెంచి గ్యాస్ ఇంజెక్టర్‌ని తెరుస్తుంది. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి కంపెనీ కంప్యూటర్ తన లెక్కని సరిచేసుకుంటూ ఉంటుంది. ఆ సవరణే ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ అంటే ఇంధనం చాలక పెంచుతోంది, మైనస్ అంటే ఎక్కువై తగ్గిస్తోంది. చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంటే ఫోన్లోనే కనపడుతుంది.

మా బండికి పెట్రోలు మీద స్లోలో ప్లస్ 14, రేస్ చేసి 2500 దగ్గర పట్టుకుంటే ప్లస్ 3. గ్యాస్ మీద స్లోలో మైనస్ 17! అంటే పెట్రోలు మీద తక్కువ, గ్యాస్ మీద ఎక్కువ. రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. పైగా పెట్రోలు మీద కూడా వణుకుతోంది, అంటే తప్పు గ్యాస్ లెక్కలో ఒక్కదాన్లోనే లేదు. స్లోలోనే ఎక్కువ, రేస్ చేస్తే తగ్గుతోందంటే ఎక్కడో అదనంగా గాలి పీలుస్తోందన్నమాట.

ఇంజెక్టర్ ప్లగ్గులు ఒక్కోటి ఊడదీసి చూశాం. ఒకటి, రెండు, నాలుగు తీస్తే ఇంజిన్ ఇంకా డీలా పడింది. మూడోది తీసినా తేడా లేదు. ముందు నుంచే అది పనిచెయ్యడం లేదు.

గ్యాస్ ఇంజెక్టర్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో చిన్న రబ్బరు గొట్టం పోతుంది. పెట్రోలు మీద ఇంజిన్ నడుస్తుండగా మూడో గొట్టాన్ని నాజిల్ దగ్గర ప్లయర్‌తో మెల్లగా నొక్కాం. వణుకు ఆగిపోయింది. వదిలితే మళ్లీ మొదలు. గొట్టం విప్పి వంచి చూస్తే క్లిప్పు కింద గోరంత చీలిక. సబ్బు నీళ్లకి ఎందుకు దొరకలేదంటే, స్లోలో ఆ గొట్టం గాలిని లోపలికి లాక్కుంటుంది, బయటికి వదలదు. మరి బుడగ ఎలా వస్తుంది?

షాపువాడు చేసింది లాప్‌టాప్‌లో కనపడింది. బండి ఆగిపోతోందని స్లో దగ్గర గుణకం బాగా పెంచేశాడు. మూడో సిలిండర్ ఆకలి తీర్చడానికి నాలుగింటికీ రెండేసి ముద్దలు పెట్టినట్టు. మూడోది అప్పటికీ మాడుతూనే ఉంది, మిగతా మూడింటికీ అజీర్తి.

కొత్త గొట్టం, క్లిప్పు ఒక టీ, టిఫిను ఖర్చులో వచ్చాయి. నాలుగు గొట్టాలూ ఒకే పొడవు ఉండేలా కోసి మార్చాం. తర్వాత పాత మ్యాప్ కాపీ చేసి పెట్టుకుని, ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ, లైట్లు ఆపి ఆటో కాలిబ్రేషన్ చేశాం. చల్లటి ఇంజిన్ మీద చేస్తే లెక్క తప్పుతుంది. గ్యాస్‌కి మారే వేడి 25 డిగ్రీలు పెట్టి ఉంటే 45 చేశాం. ఆ తర్వాత ఒకడు తోలుతుంటే ఒకడు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అదే ఘాట్ మీద ముందు పెట్రోలుతో, తర్వాత గ్యాస్‌తో ఎక్కాం. ఒకే బరువు మీద రెండు సార్లూ పెట్రోలు ఇంజెక్టర్ టైమ్ ఒకేలా ఉండాలి. స్లోలో పెట్రోలు మీద 3.1, గ్యాస్ మీద 3.2 వచ్చింది. ఎక్కుడులో గ్యాస్ మీద కొంచెం ఎక్కువ చూపిస్తే ఆ గడుల్లో మాత్రం గుణకం రెండు మూడు అంకెలు పెంచాం. పని చేస్తున్నంతసేపూ బీడీ కాల్చేవాళ్లని దూరంగా నిలబెట్టాం, గొట్టం విప్పేటప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టేశాం. మీరూ ఇది మర్చిపోవద్దు.

గొట్టం మార్చకుండా మ్యాప్ ముట్టుకుని ఉంటే మేమూ ఆ షాపువాడిలాగే ఇంకా తిరుగుతూ ఉండేవాళ్లం.

చెల్లికి పోయిన నెల ఇంకో పరీక్ష పడింది. రైలుకి గంట ముందే స్టేషన్‌లో దింపాం. ఇంజిన్ ఆపకుండా అరగంట స్లోలోనే ఉంచాం, కావాలనే. పిల్ల నవ్వి, "ఇంక ఆపెయ్యండి అన్నయ్యా, గ్యాస్ దండగ" అంది.

కేబుల్ మా దగ్గరే ఉంది. ఎవరికైనా కావాలంటే కామెంట్ పెట్టండి, ఆదివారం పొద్దున్న అన్నవరం స్టేషన్ బయటే ఉంటాం.