మా ఆడపడుచు, గార్డియన్ కాగితం

మా అత్తగారు పోయాక ఆవిడ దాచిన డబ్బు, కాఫీ తోటలో వాటా మా ఆడపడుచుకు రావాలి. బ్యాంకువాళ్లు గార్డియన్ కాగితం తెమ్మన్నారు. ఆమెకు ముప్ఫై రెండేళ్లు. సదరం సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం, 50 శాతం అని ఉంది. ఆ అంకె చూడగానే చుట్టాలంతా "ఆమెకేం తెలుస్తుంది, మీ ఆయన పేర రాయించేసుకోండి" అన్నారు. యాభై శాతం అంటే సగం తెలివి అనుకుంటారు కాబోలు!

ఆ అంకె ఎలా వస్తుందో పరీక్ష రోజు చూశాను. ఐక్యూ పరీక్ష ఆమెకే పెట్టారు గానీ, వైన్‌లాండ్ స్కేలు అని ఇంకోటుంది. అందులో 89 అంశాలు. అవి ఇంట్లో చూసుకునేవాళ్లను అడుగుతారు. సరుకులు కొంటుందా, ఒంటరిగా ఊరు దాటి వెళ్తుందా, అలాంటివి. అత్తగారు ఆమె చేతికి పది రూపాయలు ఇచ్చింది లేదు, టైడా దాటి ఒంటరిగా పంపింది లేదు. ఆడపిల్లని భయం మరి. అందుకని చాలావాటికి "లేదు" అనే చెప్పాను. అది నిజమే. కానీ చేయలేకపోవడం, చేయనివ్వకపోవడం రెండూ ఆ కాగితం మీద ఒకే "లేదు" అయిపోయాయి. ఏ మేక ఎప్పుడు ఈనుతుందో, తోటలో ఏ చెట్టు మీద మిరియాల తీగ ఎండిపోతోందో ఇంట్లో మొదట చెప్పేది ఆమే. అది ఎవరూ అడగలేదు.

డాక్టర్లను తప్పుపట్టను. ఆ శాతం పింఛనుకు, రాయితీలకు పనికొచ్చే కొలత. గార్డియన్ కావాలా అన్నది వేరే ప్రశ్న.

ఈ తేడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో చండీగఢ్‌లో ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న ఓ అనాథ అమ్మాయి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. ఆమె మానసిక వయసు తొమ్మిదేళ్ల పిల్లతో సమానమని వైద్యులు చెప్పారు. హైకోర్టు గర్భస్రావం చేయించమంది. ఆ అమ్మాయి మాత్రం బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును ఆపి, ఆగస్టు 28న కారణాలు రాసింది. మేధో వైకల్యం, మానసిక వ్యాధి ఒకటి కావు, మేజరైన ఆమె ఒప్పుకోకుండా గర్భం తీయించడానికి చట్టం ఒప్పదు, మానసిక వయసు అంకెను యాంత్రికంగా పట్టుకోకూడదు అని. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అందరూ ఆమె మంచికే అనుకున్నారు కదా!

మాలాంటివాళ్లకు దారి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. కలెక్టరు, ఓ స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఓ దివ్యాంగ వ్యక్తి ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. 14వ సెక్షన్‌లో కమిటీ చూడాల్సినవి రెండే: ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు? 2016 చట్టం కూడా పరిమిత గార్డియన్‌షిప్పే అంటుంది, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలని. (2022లో కొత్త జిల్లా వచ్చాక మా కలెక్టరాఫీసు పాడేరుకు మారింది. విశాఖకైతే రైలెక్కి దిగిపోయేవాళ్లం, ఇప్పుడు ఘాట్ రోడ్డులో పైకి ఎక్కాలి.)

దరఖాస్తు దగ్గర మా ఆయనకీ నాకూ మాట పెరిగింది. "అన్నిటికీ అని రాసేస్తే మళ్లీ తిరగక్కర్లేదు" అంటారాయన. తిరిగితే తిరుగుదాం అన్నాను. ఎక్కడుండాలో, ఎవర్ని పెళ్లాడాలో, ఒంటికి ఏ ఆపరేషను చేయించుకోవాలో కూడా ఆ "అన్నిటికీ"లో పడిపోతాయి. రెండు రోజులు మాటల్లేవు. చివరికి బ్యాంకు లావాదేవీలకు, తోట లెక్కలకు అని మాత్రమే రాశాం.

గార్డియన్ అయ్యాక ఆరు నెలల్లో ఆమె ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. ఆ జాబితా ఇప్పటినుంచే మా ఆయన రాస్తున్నారు. డిపాజిట్, తోట వాటా అని చదువుతుంటే ఆమె పొయ్యి దగ్గరినుంచి లేచొచ్చింది.

"మేకలు రాయలేదేటన్నయ్యా? నాలుగు నావి. నల్లదాని పిల్లలు రెండూ వదినవి."