చివరి పేజీ ముందే చూపించే ఆట

వీడియో గేమ్ అనగానే మన పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు. కాల్చడం, దూకడం, కాలం తగలేయడం తప్ప అందులో ఏముందని వారి ప్రశ్న. నా జవాబు ఒక ఆట పేరు: 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్'. లూకాస్ పోప్ కొన్నేళ్ళు కూర్చుని తయారుచేసి 2018లో విడుదల చేశాడు.

1802లో లండన్‌లో బయల్దేరి మాయమైన వర్తకపు ఓడ 1807లో ఫాల్మౌత్ రేవుకు కొట్టుకొస్తుంది. లోపల ప్రాణమున్నవాడు ఒక్కడూ లేడు. మనం ఈస్టిండియా కంపెనీ పంపిన బీమా తనిఖీదారులం. ఓడలోని 60 మందిలో ఎవరెవరు, ఎవరికేమైంది అన్నది పుస్తకంలో నింపాలి. చేతిలో ఒక మాయ గడియారం. శవం దగ్గర దాన్ని తెరిస్తే ఆ మనిషి చివరి మాటలు చీకట్లో వినపడి, చావు క్షణం బొమ్మలా కట్టుకుపోయి కనపడుతుంది.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల అద్దెకు తెచ్చుకుని, ఆగలేక చివరి పేజీ తిప్పేసినవాళ్ళు మన ఇళ్ళలో తక్కువేం కాదు. ఈ ఆట మొదలయ్యేదే చివరి అధ్యాయంతో! అయినా ఉత్కంఠ చెడదు సరికదా, పెరుగుతుంది. 'ఏం జరుగుతుంది' పోయి 'ఇంతదాకా ఎలా వచ్చింది' అన్నది పట్టుకుంటుంది.

ఇక నడక సంగతి. ఒక పేరు సరిగ్గా రాస్తే ఆట పలకదు. చాలావరకు మూడు సరిపడితేనే అచ్చుపడుతుంది. అందుకే గుడ్డిగా రాయి విసిరితే లాభం లేదు, కానీ మూడు కుదిరినప్పుడు కలిగే ధైర్యంతో నాలుగోవాడి వెంట పడతాం. ఆధారాలా, అతి చిన్నవి: వేలాడే పడక మీది అంకె, మాట యాస, కాలి జోళ్ళు. ఒక అధ్యాయమైతే మిగతావారి లెక్క తేలేదాకా తెరుచుకోదు.

ఆ ఓడలో ఇద్దరు భారతీయ నావికులు ఊపిరితిత్తుల జబ్బుతో పోతారు. కత్తి లేదు, కుట్ర లేదు. అయినా కెప్టెన్‌కు ఉన్నట్టే వాళ్ళ చావులకూ పుస్తకంలో చోటుంది. వాళ్ళ పేర్లు తేల్చకుండా పుస్తకం పూర్తికాదు.

అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. మా తాతగారి అన్నగారు కాకినాడలో రంగూన్ ఓడెక్కి తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలీదు. తిథి తెలియదు గనుక మా నాన్నగారు మహాలయ అమావాస్యనాడు ఆయనకు తర్పణం వదులుతారు. ఆ పేరు పక్కన గడి మాత్రం ఖాళీయే. అది నింపడానికి మాకు ఏ గడియారమూ లేదు.

అందుకే మంచి చిక్కుముడికి తొందర పనికిరాదంటాను. గబగబా నడిపిస్తే చచ్చినవాళ్ళు లెక్కకు మాత్రమే మిగిలేవారు. అడుగడుగునా ఆపి, మొహం చూడమని, మాట వినమని బతిమాలినట్టు నడిపింది గనుకనే 60 మందీ మనుషులయ్యారు.

మిత్రులారా, ఆడదలిస్తే జవాబులు ఇంకొకర్ని అడక్కండి. గైడు చదివి పరీక్ష రాయడం మనకు తెలిసిన విద్యే. ఇక్కడ మాత్రం ఒక పేరు మీ అంతట మీరు కనిపెట్టి చూడండి. ఆ మనిషి చాన్నాళ్ళు గుర్తుంటాడు.