అలమార లోపలి రంగు
మా పాత ఇంటి అలమారలకు లోపల కూడా రంగు వేయిస్తున్నాం. అందరం తలుపుల మెరుపే చూస్తాం కానీ, పప్పు డబ్బాలు, పిల్లల బట్టలు ఉండేది లోపలే కదా! ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం పరిమితి మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లలకు చాలా ప్రమాదం. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దించండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. పగుళ్లకు లప్పం పెట్టించి, ప్రైమర్ కొట్టించి, ఆపైన తెలుపో లేత రంగో రెండు పూతలు వేయించండి. మూల అరల్లో వెలుగు పెరుగుతుంది, చెదలు మట్టి గీత పెట్టినా వెంటనే కనిపిస్తుంది. వాసన పూర్తిగా పోయాకే సామాను సర్దండి.