కుండీలో మొక్క పేరేమిటి?

మీ ఇంట్లో ఉన్న మొక్కల పేర్లు గబగబా ఓ పది చెప్పండి చూద్దాం! తులసి, మందారం, కరివేపాకు, మనీప్లాంటు... అయిదారు దాటేసరికి "అదేనండీ, ఆ తెల్లమచ్చల ఆకుల మొక్క" దగ్గర ఆగిపోతాం. నర్సరీవాడు నీడలో పెట్టుకోమన్నాడు, పెట్టుకున్నాం. పేరుతో మనకేం పని అనుకుంటాం. ఆ పేరుతో ఎప్పుడు పని పడుతుందో మా పక్కింట్లో చూశాను.

పక్కింటి పిన్నిగారి మనవడికి రెండేళ్లు. వరండాలో ఆడుకుంటూ ఆ మచ్చల ఆకు కాస్త కొరికాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు. చొంగ ధారగా కారుతోంది, పెదవులు ఉబ్బాయి, నోరు ముట్టుకోనివ్వడు. పిన్నిగారు కంగారుగా వంటింట్లోకి పరిగెత్తి, కక్కించేద్దామని గ్లాసెడు ఉప్పునీళ్లు కలిపి తెచ్చారు. "వద్దత్తయ్యా" అంటూ కోడలు ఆ గ్లాసు పక్కన పెట్టేసింది. తడిబట్ట వేలికి చుట్టి నోట్లో మిగిలిన ఆకుముక్కలు తుడిచింది. చల్లటి పాలు చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. నేను ఆ మొక్క ఆకొకటి తుంచి కవర్లో వేశాను. ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్లాం.

డాక్టరుగారు ఆకు చూడగానే "డిఫెన్‌బేకియా" అన్నారు. గొంతు వాచలేదని, ఊపిరి బాగానే ఆడుతోందని చూసుకుని, కొన్ని గంటలు ఉంచి పంపేశారు.

ఆయన చెప్పిన కారణం మన వంటింట్లోదే! కంద కోస్తే చేతులు ఎందుకు దురద పెడతాయి? అందులో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి. డిఫెన్‌బేకియాలో, మనీప్లాంటులో, రంగురంగుల కలాడియంలో ఉన్నవీ అవే. నమిలితే నాలుకకీ గొంతుకీ గుచ్చుకుంటాయి. సామాన్యంగా ప్రాణం మీదికి రాదు కానీ, గొంతు వాచి ఊపిరి అందకపోతే ప్రమాదం. ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తే గొంతు రెండోసారి మండుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, చంటిపిల్లలకి అంత ఉప్పే విషమవుతుంది. చింతపండు నీళ్లూ, సబ్బునీళ్లూ అంతే.

డిఫెన్‌బేకియా కనీసం నోట్లో పడగానే హెచ్చరిస్తుంది. మన వాకిట్లో గన్నేరు అలా కాదు. ఎర్రగన్నేరు గానీ, పచ్చగన్నేరు గానీ ఆకు, పువ్వు, కాయ, వేరు అన్నీ విషమే. కుండీల్లో ముద్దుగా పెంచుకునే అడీనియం కూడా దాని చుట్టమే. ఈ విషం గుండె కొట్టుకునే తీరునే మార్చేస్తుంది. ముందు వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం. "వాంతయిపోయింది, ఇక ఫరవాలేదు" అని పడుకోబెట్టడమే పెద్ద ముప్పు. తేరుకున్నట్టు కనిపించినా గుండె మర్నాడు కూడా గతి తప్పొచ్చు. అందుకే ఆస్పత్రిలో ఈసీజీ తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు.

2024 మేలో కేరళలో తిరువాన్కూరు దేవస్వం బోర్డు తమ గుళ్లలో నైవేద్యానికీ ప్రసాదానికీ గన్నేరుపూలు వాడకూడదని నిర్ణయించింది. మనమూ పూజకి గన్నేరు కోసిన చేతులు కడుక్కున్నాకే ప్రసాదం కలుపుదాం. పూలు నైవేద్యం గిన్నెలో పడకుండా చూసుకుందాం. కత్తిరించిన గన్నేరు కొమ్మలు వీధిలో పారేయకండి. పచ్చిగా ఉంటే చేదని వదిలేసే పశువులు, వాడి ఎండితే తినేస్తాయి. ఎండినా విషం పోదు.

ఇక ఇంట్లో పెంచుకునే మూగజీవాల మాట. చిన్న ఈతచెట్టులా ఉండే సైకస్ గింజలు కుక్కల కాలేయాన్ని పాడుచేస్తాయి. బొకేల్లో వచ్చే పెద్ద గరాటు పూల లిల్లీలు పిల్లులకి ప్రాణాంతకం. మనం మాలలు కట్టుకునే నేలసంపెంగ కాదులెండి. ఒంటి మీద పడిన ఆ పుప్పొడి నాకినా చాలు, పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. హుషారుగా ఆడుతున్నా సరే, వెంటనే పశువైద్యుడికి చూపించాలి. కుక్కకీ పిల్లికీ ఉప్పునీళ్లు పట్టకండి. మన పారాసిటమాల్ బిళ్ల అసలే వద్దు, పిల్లికి అది విషం.

ఏ మొక్కయినా సరే, ఈ నాలుగు గుర్తుంచుకోండి:

నోట్లో ముక్కలు తీసేసి, తడిబట్టతో తుడిచి, పుక్కిలించగలిగితే పుక్కిలింపచేయండి. కంద జాతి మొక్క అని రూఢిగా తెలిస్తే చల్లటి పాలో పెరుగో కాస్త ఇవ్వచ్చు. మిగతా వాటికి డాక్టరు చెప్పేదాకా ఏమీ పెట్టకండి.

కక్కించకండి.

పాలు కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ 15 నిమిషాలు కడగండి. ఆపైన కంటి డాక్టరుకి చూపించండి.

ఆకో, కాయో వెంట తీసుకెళ్లండి. ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు అన్నది చెప్పండి.

ఊపిరి ఆడకపోయినా, మగతగా ఉన్నా, గన్నేరు, ఉమ్మెత్త, కొరికిన గురివింద గింజ లోపలికి వెళ్లినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది. నంబరు 1800 116 117, రాత్రీపగలూ పలుకుతారు.

మొక్కలన్నీ పీకేయమనడం లేదు సుమండీ! పచ్చదనం లేని ఇల్లు ఏం ఇల్లు? పాకే పిల్లలున్నప్పుడు మచ్చల ఆకుల కుండీని అందనంత ఎత్తులో పెట్టండి. నర్సరీలో ధరతోపాటు పేరూ అడగండి. ఓ చీటీ మీద రాసి కుండీకి కట్టండి. పేరు తెలియని మొక్క ఉంటే ఓ ఆకు తీసుకెళ్లి ఈ ఆదివారమే అడిగేయండి. ఏమంటారు?